తలుపుల రంగు ఆఖర్న చూడు

విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ఇంగ్లండులో మీ ఇంటి వంటగది కొత్తగా చేయిద్దామని నువ్వు పంపిన కేటలాగు చూశాను. అలమారాలకి తెల్ల తలుపులు బాగున్నాయి, ఆకుపచ్చవి ఇంకా బాగున్నాయి. మీ అమ్మ ఓటు ఆకుపచ్చకే. కానీ తల్లీ, ఆ పుస్తకం అంతా తిరగేసినా పొగ ఎటు పోతుందో, నీళ్ళు ఎటు పోతాయో, బియ్యం బస్తా ఎక్కడ దిగుతుందో ఒక్క ముక్క కనపడలేదు. షిప్‌యార్డులో ఓడలకి వంటగది బిగించేటప్పుడు మా వరస ఒకటుండేది. ముందు గాలి గొట్టాలు, తర్వాత నీళ్ళ పైపులు, ఆ తర్వాత కేబుళ్ళు, అలమారాలు చిట్టచివర. రిటైరయ్యాక ఇక్కడ స్నేహితుడితో కలిసి మాడ్యులర్ కిచెన్లు చేయించినప్పుడూ అదే వరస. ఇంగ్లండులో మీ బావ ఇంట్లో కిచెన్ మార్చినప్పుడు దగ్గరుండి చూశాను కాబట్టి అక్కడా ఇదే నడుస్తుందని ధైర్యంగా చెప్తున్నాను. తలుపులు నచ్చకపోతే ఐదేళ్ళకి మార్చుకుంటావు. గోడలో వేసేసిన గొట్టం నచ్చకపోతే మొత్తం పీకాలి.

ముందు ఆ గోడ సంగతి. వంటింటికీ హాలుకీ మధ్య గోడ తీసేసి ఒకటే పెద్ద గది చేద్దామని అల్లుడు అంటున్నాడట. మీ ఇల్లు 1930ల నాటిదన్నావు కదా, ఆ గోడ మీద పై అంతస్తు బరువు ఉండి ఉండొచ్చు. తీయాలంటే స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క వెయ్యాలి, పైన స్టీలు బీము పడాలి, కౌన్సిల్‌లో, అంటే అక్కడి మునిసిపాలిటీలో, కట్టడాలు తనిఖీ చేసే బిల్డింగ్ కంట్రోల్ వాళ్ళు చూసి సరే అనాలి. ఇది డబ్బుతో అయ్యే పని. డబ్బుతో అవనిది వాసన. మన విశాఖలో కిటికీ తెరిస్తే సముద్రపు గాలి ఓ పక్క నుంచి వచ్చి పోపు వాసనని ఇంకో పక్క నుంచి ఊడ్చుకుపోతుంది. అక్కడ జనవరిలో కిటికీ తెరుస్తావా? మిరపకాయల ఘాటు సోఫాకి, కర్టెన్లకి, ఆఫీసుకి వేసుకెళ్ళే కోటుకి పడుతుంది. ఎండు నెత్తళ్ళు వేయించిన రోజు సంగతి చెప్పనే అక్కర్లేదు. నా మాట వింటే గోడ ఉండనివ్వు. వెలుతురు కావాలంటే మధ్యలో అద్దాల స్లైడింగ్ తలుపు పెట్టించు. పోపు వేసేటప్పుడు మూసుకోవచ్చు, చుట్టాలు వస్తే తీసుకోవచ్చు.

ఇక పొయ్యి మీద హుడ్. అక్కడ రెండు రకాలు అమ్ముతారు. ఒకటి పొగని గొట్టంలోంచి బయటికి తోసేది. రెండోది అక్కడే పీల్చి, బొగ్గు ఫిల్టరులోంచి పోనిచ్చి, మళ్ళీ గదిలోకే వదిలేది. రెండోది బిగించడం తేలిక కాబట్టి ఫిట్టరు దాన్నే అంటగట్టాలని చూస్తాడు. ఆ ఫిల్టరు వాసనని కొంత పట్టుకుంటుందేమో గానీ ఆవిరిని పట్టుకోలేదు. మనం అన్నం, పప్పు, సాంబారు, ఇడ్లీ అంటూ పొద్దున్న లేచింది మొదలు ఆవిరి పుట్టించే వాళ్ళం. ఆ ఆవిరంతా చల్లటి గోడ మీద నీరై కూర్చుంటుంది, మూలల్లో నల్లగా బూజు కడుతుంది. కాబట్టి గొట్టం బయటికి పోవాల్సిందే. ఇంగ్లండు నిబంధనల ప్రకారం పొయ్యి దగ్గరి ఫ్యాను సెకనుకి కనీసం 30 లీటర్ల గాలి లాగాలి. అది ఉడకబెట్టుకుని తినేవాళ్ళకి సరిపోతుంది. నువ్వు అంతకు బాగా ఎక్కువ శక్తి ఉన్నది తీసుకో. గొట్టం 150 మిల్లీమీటర్లది, గట్టి ప్లాస్టిక్‌దో రేకుదో వేయించు. ముడతలు ముడతలుగా సాగే గొట్టం వేస్తే ఆ ముడతల్లో జిడ్డు పేరుకుంటుంది, గాలి నడవదు. వంపులు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. అంటే పొయ్యి బయటి గోడకి ఆనుకుని ఉండాలి. పొయ్యి స్థానం తేలితే మిగతా కిచెనంతా దాని చుట్టూ అదే అమరుతుంది.

మీ మావగారు ఆగ్నేయం మూలే కావాలంటున్నారని మీ అమ్మ చెప్పింది. ఆగ్నేయం బయటి గోడ వైపే ఉంటే అందరికీ సంతోషం. లేకపోతే తూర్పు ముఖంగా నిలబడి వండేలా చూడు, ఆయనకి అది చెప్పి ఒప్పించవచ్చు.

ఇప్పుడు ఎత్తు. దీని గురించి ఎవరూ అడగరు, నడుం నొప్పి వచ్చాక డాక్టర్ని అడుగుతారు. అక్కడ కింది క్యాబినెట్ డబ్బా 72 సెంటీమీటర్లు, దాని కింద కాళ్ళు 15, పైన మామూలు కౌంటర్, అంటే వంటగట్టు పలక, 3.8. మొత్తం కలిపితే 91కి దగ్గర. అది అక్కడి మనుషుల ఎత్తుకి తగ్గ లెక్క. నువ్వు మీ అమ్మ పోలిక, ఐదడుగుల మీద అంగుళం. చెయ్యి మోచేతి దగ్గర మడిచి నిలబడు, చెప్పులతో. నేల నుంచి మోచేతికి ఎంతుందో అల్లుడిని కొలవమను. అందులోంచి నాలుగైదు అంగుళాలు తీసేస్తే నీ కౌంటర్ ఎత్తు. నీకు 85, 86 సెంటీమీటర్ల దగ్గర వస్తుందని నా అంచనా. కాళ్ళు పొట్టివి వేయిస్తే సరి. అయితే మరీ తగ్గించలేవు, ఎందుకంటే డిష్‌వాషర్ కింద దూరాలంటే దానికి 82 సెంటీమీటర్ల చోటు కావాలి. దాని మీద 2 సెంటీమీటర్ల రాయి పరిస్తే 84, మందపాటి చెక్క కౌంటర్ అయితే 86. ఇంకో మెలిక ఉంది. కుక్కర్ అని అక్కడ పొయ్యిలూ అవెనూ కలిపి నేల మీద విడిగా నిలబడేది అమ్ముతారు, అది కొంటే అది 90 దగ్గర ఉంటుంది, నీ కౌంటర్‌తో కలవదు. కౌంటర్లోకి దింపే పొయ్యి, హాబ్ అంటారు, అది తీసుకో, అవెన్ విడిగా పక్క అలమారాలో పెట్టించు. అల్లుడు ఆరడుగుల మనిషి, నాకు వంగాల్సొస్తుంది అంటాడు. వంట ఎవరు ఎక్కువ చేస్తే వాళ్ళ మోచెయ్యే కొలత. అతనే ఎక్కువ వండుతున్నాడంటే చెప్పు, నేను సంతోషంగా మాట మార్చుకుంటాను.

గ్యాసా, ఇండక్షనా అని అడిగావు. ముందు నీ గిన్నెలకి ఓ అయస్కాంతం అంటించి చూడు. అంటుకున్నవి ఇండక్షన్ మీద పనిచేస్తాయి. ఇనప మూకుడు, దోసె పెనం అంటుకుంటాయి. అల్యూమినియం ఇడ్లీ పాత్ర, రాగి, ఇత్తడి అంటుకోవు. స్టీలు గిన్నెల్లో కొన్ని అంటుకుంటాయి, కొన్ని అంటుకోవు. పుల్కా మంట మీద పొంగించుకునే అలవాటుంటే అది మానుకోవాలి. తుడుచుకోవడానికి మాత్రం ఇండక్షన్‌ని మించింది లేదు. నాలుగు పొయ్యిల హాబ్ మొత్తం వెలిగితే ఏడు కిలోవాట్ల దాకా లాగుతుంది, దానికి విడిగా లైను ఉండాలి. కొత్త లైను వేశాక ఎలక్ట్రీషియన్ దగ్గర సర్టిఫికెట్ తీసుకుని భద్రం చెయ్యి, ఇల్లు అమ్మేనాడు అడుగుతారు. గ్యాసే ఉంచుకుంటే ఆ పని గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో, అంటే గ్యాసు పనివాళ్ళ అధికారిక జాబితాలో, ఉన్నవాడే ముట్టుకోవాలి. కార్డు అడుగు, మొహమాటపడకు. వెనక వైపు తిప్పి చూస్తే ఏ ఏ పనులకి అర్హత ఉందో రాసి ఉంటుంది. 2009కి ముందు దీన్ని కోర్గీ అనేవారు. ఎవడైనా ఇప్పటికీ నాకు కోర్గీ ఉంది అంటే పొమ్మను.

మన గ్రైండరూ మిక్సీ అక్కడ నడుస్తాయి. ఇక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జ్, అక్కడా అంతే. ప్లగ్గు మార్చి అక్కడి ఫ్యూజు ఉన్న ప్లగ్గు పెట్టించుకుంటే చాలు. అమెరికాలో ఉన్న మీ చెల్లి దగ్గర 120 వోల్టులు, అక్కడ ఈ ఆట సాగదు. గ్రైండర్‌ని అలమారాలో దాచుకునే ఆలోచన మాత్రం పెట్టుకోకు. అంత బరువు ఎత్తి దింపడం బద్ధకమేసి, నెల తిరక్కుండా దోసెల పిండి కొనుక్కోవడం మొదలుపెడతావు. కౌంటర్ మీద ఓ మూల దానికి శాశ్వతంగా చోటివ్వు, వెనకే సాకెట్ పెట్టించు. ఎన్ని సాకెట్లు కావాలా అని కూర్చుని లెక్కేస్తావు కదా, ఆ లెక్కకి రెట్టింపు పెట్టించు. సింకుకి మాత్రం అడుగు దూరం ఉండాలి.

సింకు ఒకటే పెద్ద తొట్టి తీసుకో. అన్నం గిన్నె, కుక్కరు అడ్డంగా పెట్టి తోమగలగాలి. రెండు చిన్న తొట్లది చూడ్డానికే. ఇంకో సంగతి, అక్కడ వంటింట్లో నేల మీద నీళ్ళు పోయే జాలీ ఉండదు. బకెట్టుతో నీళ్ళు కొట్టి కడిగే మన పద్ధతి అక్కడ పనికిరాదు, ఆ నీరు క్యాబినెట్ల కిందికి పోతుంది. మూకుడులో మిగిలిన నూనె సింకులో పొయ్యకు. 2017లో లండన్ వైట్‌ఛాపెల్ మురుగుకాలువలో కొవ్వూ చెత్తా కలిసి గడ్డకట్టిన ముద్ద ఒకటి బయటపడింది. 250 మీటర్ల పొడవు, 130 టన్నులు. అక్కడి చలికి నీ పైపులోనూ అదే జరుగుతుంది, సైజు తేడా అంతే. పని మొదలయ్యే రోజే ఇంటి మొత్తానికి నీళ్ళు ఆపే స్టాప్‌కాక్ ఎక్కడుందో చూసి, తిరుగుతుందో లేదో పరీక్షించుకో. చాలా ఇళ్ళలో సింకు కిందే ఉంటుంది, ఏళ్ళ తరబడి తిప్పక బిగుసుకుపోయి ఉంటుంది.

రాయి విషయంలో నాకు పక్షపాతం ఉంది, ముందే చెప్తున్నాను. అక్కడి షాపుల్లో బ్లాక్ గ్యాలక్సీ అని నల్ల రాయిలో బంగారు చుక్కలు మెరుస్తూ ఒకటి కనపడుతుంది. అది మన ప్రకాశం జిల్లా చీమకుర్తిది. వేడి గిన్నె దించినా ఏమీ అనుకోదు, పసుపు మరక కనపడదు. క్వార్ట్జ్ అని ఇప్పుడు అందరూ తెల్లగా వేయించుకుంటున్నది రాతి పొడిని రెసిన్ అనే జిగురుతో కలిపి అచ్చుపోసింది. పొయ్యి మీంచి తీసిన మూకుడు నేరుగా దాని మీద పెడితే రెసిన్ మాడి మచ్చ పడుతుంది, అది పోదు. ఇందులో సిలికా ఎక్కువ. ఆ దుమ్ముతో పనివాళ్ళ ఊపిరితిత్తులు పాడవుతున్నాయని ఆస్ట్రేలియాలో 2024 జులై నుంచి దీన్ని నిషేధించారు. నువ్వు ఏ రాయి తీసుకున్నా కోత అంతా వాళ్ళ వర్క్‌షాపులో నీళ్ళు పోస్తూ చెయ్యమను. మీ పెరట్లో పొడి కోత కోయనివ్వకు.

దుమ్మంటే ఇంకోటి. 2000కి ముందు కట్టిన ఇళ్ళలో పాత ఫ్లోర్ టైల్సులో, సీలింగ్ మీది గరుకు పూతలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, పీలిస్తే ఊపిరితిత్తుల్ని పాడుచేసే రాతినార అది. బ్రిటన్‌లో దాన్ని పూర్తిగా ఆపింది 1999లోనే. పాత రోజుల్లో ఓడల పైపులకి చుట్టింది ఇదే, దాని సంగతి మా వాళ్ళకి బాగా తెలుసు. ఏదైనా పగలగొట్టే ముందు ముక్క తీసి ల్యాబులో పరీక్ష చేయించు. ఈ విషయంలో ఖర్చుకి వెనకాడొద్దు.

క్యాబినెట్లకి ప్లైవుడ్డే కావాలని పట్టుబట్టకు. ఇక్కడ ఉప్పుగాలి, చెదలు కాబట్టి మనం నీటికి తట్టుకునే ప్లై అంటాం. అక్కడ 18 మిల్లీమీటర్ల చిప్‌బోర్డు, అంటే చెక్కముక్కలు అతికించి చేసిన పలక, డబ్బా నిక్షేపంలా ఉంటుంది, తడి తగలనంత వరకు. తడి తగిలేది సింకు కింద, పైపు కోసం కోసిన రంధ్రాల అంచుల్లో. ఆ అంచులకి సిలికాన్ పూయించు, నువ్వే వంగి వేలితో తడిమి చూడు. కింద తలుపుల అలమారాల కంటే సొరుగులు మేలు. బియ్యం, పప్పులు పెట్టే సొరుగుకి మాత్రం ఎక్కువ బరువు మోసే పట్టాలు అడుగు. ఆవకాయ జాడీకి ఇంటినీ నీళ్ళనీ వేడిచేసే బాయిలర్ పక్కన చోటు చూపించకు. దేవుడి గూడు పైన క్యాబినెట్ రాకూడదు, దీపం సెగ తగులుతుంది. వంటింట్లో పొగకి మోగే అలారం వద్దు, వేడికి మోగేది పెట్టించు. లేకపోతే పోపు పెట్టిన ప్రతిసారీ ఇల్లంతా గోల.

డబ్బు మొత్తం ముందే ఇవ్వకు. అడ్వాన్సు క్రెడిట్ కార్డు మీద కట్టు. 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం సెక్షన్ 75 ప్రకారం, వంద పౌండ్లు దాటి ముప్ఫై వేల పౌండ్ల లోపు ధర ఉన్న కొనుగోలుకి, అమ్మినవాడు చేతులెత్తేస్తే కార్డు కంపెనీ కూడా బాధ్యురాలే. కొంత డబ్బు ఆపి, తలుపులన్నీ సరిగ్గా పడుతున్నాయా, లీకేజీ ఉందా అని వారం వాడి చూసి అప్పుడివ్వు. చెప్పిన ధరలో వ్యాట్ కలిసిందా లేదా అన్నది కాగితం మీద రాయించుకో, అది 20 శాతం.

రాయి కొలతలు క్యాబినెట్లు బిగించాకే తీస్తారు, రాయి వచ్చేదాకా వారం పది రోజులు సింకు ఉండదు. అప్పటికి పై గదిలో రైస్ కుక్కరు, సింగిల్ ఇండక్షన్ స్టవ్ సర్దుకో. కందిపొడి, చింతకాయ పచ్చడి మీ అమ్మ ఈ వారమే పార్సెల్ చేస్తుంది.

గది కొలతలు నాకు పంపు. ప్రతి గోడా కింద, మధ్యలో, పైన మూడు చోట్ల కొలవండి, పాత ఇళ్ళలో మూడూ ఒకటి రావు. కిటికీ ఎక్కడ, మురుగు పైపు ఎక్కడ, బయటి గోడ ఏది అన్నది గుర్తు పెట్టండి. గ్రాఫు కాగితం మీద గీసి తిప్పి పంపుతాను. అప్పటిదాకా ఆ షాపువాడికి సంతకం పెట్టకు, ఆఫర్ ఆదివారంతో అయిపోతుందని ఎంత టెన్షన్ పెట్టినా సరే.

ఇట్లు,
మావయ్య