మేడ మీదికి వైఫై ఎక్కడం లేదు

ప్రశ్న: మాది రెండంతస్తుల డాబా. కింద హాల్లో టీవీ వెనక ఫైబర్ రౌటర్ ఉంది. పై గదిలో సిగ్నల్ ఒక్క గీతే చూపిస్తోంది. సిగ్నల్ అందుకుని మళ్లీ ముందుకు పంపే రిపీటర్ కొంటే సరిపోతుందా?

జవాబు: రిపీటర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు రౌటర్‌ను టీవీ వెనక నుంచి తీయండి, టీవీలోని లోహపు రేకు సిగ్నల్‌కు అడ్డం. మెట్ల దగ్గర ఐదారడుగుల ఎత్తున గోడకు బిగిస్తే, ఇనుప చువ్వల శ్లాబును దాటే పని తగ్గి మెట్ల సందులోంచి పైకి వెళ్తుంది. ఫైబర్ తీగను మాత్రం మడవకండి, లోపల ఉండేది గాజు పోగు.

పై గదిలో ఫోన్‌ను రౌటర్ పంపే రెండు రకాల తరంగాల్లో 2.4 గిగాహెర్ట్జ్‌కు కలపండి. 5 గిగాహెర్ట్జ్ వేగమైనదే కానీ గోడలు, శ్లాబు దాటేసరికి నీరసిస్తుంది. 2.4లో ఛానళ్లు (సిగ్నల్ వెళ్లే దారులు) 1, 6, 11లలో పక్కింటివాళ్లు తక్కువగా వాడుతున్నది ఎంచుకోండి.

అయినా కుదరకపోతే, కింది రౌటర్ నుంచి క్యాట్ 6 కేబుల్ (నెట్ తీగ) పైకి లాగి, పాత రౌటర్ ఒకటి పెట్టండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ (ఫోన్లకు నెట్ చిరునామాలు పంచే ఏర్పాటు) ఆపాలి. కింది రౌటర్ చిరునామా (ఐపీ అడ్రస్) 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వాలి. కేబుల్‌ను వ్యాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చే రంధ్రం) కాక ల్యాన్ పోర్టులో (ఇంట్లోని పరికరాలు కలిపే రంధ్రం) గుచ్చాలి. డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే వైఫై కలిసినట్టే ఉంటుంది, నెట్ మాత్రం ఒక్కోసారి రాదు. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్, వేర్వేరు ఛానళ్లు పెట్టండి.

కేబుల్ లాగడం కుదరనప్పుడే రిపీటర్. అదీ సిగ్నల్ చచ్చిన గదిలో కాదు, సగం దారిలో పెట్టాలి. చవక రకాల్లో వేగం దాదాపు సగానికి పడిపోతుంది.