మేనమామ స్పిట్‌ఫైర్‌కి మారుతి ఇంజన్ పెట్టవచ్చా?

ప్రశ్న: మాది చెన్నై పెరంబూరు. మా మేనమామకి 1969లో మద్రాసులో రిజిస్టరైన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3 కారు ఉండేది. ఆయన పెళ్లి చేసుకోలేదు. రెండేళ్ల కిందట పోయారు. "ఈ బండి నీదేరా" అని పదిమంది ముందు అన్నారు గానీ కాగితం రాయలేదు. ఇంటి వెనక షెడ్డులో దాన్ని విప్పి బాగుచేస్తున్నాను. పాత ఇంజన్‌కి సామాన్లు దొరకడం కష్టంగా ఉంది. మారుతి ఎస్టీమ్ ఇంజన్, ఐదు గేర్ల బాక్సు పెడదామనుకుంటున్నాను. అది 1298 సీసీ, ఇది 1296 సీసీ, రెండు సీసీల తేడాకి ఎవరైనా అభ్యంతరం చెబుతారా? తెలుపు రంగు తీసి ఎరుపు కొట్టించాలని కూడా ఉంది. ఆర్సీ పుస్తకం 2015 వరదల్లో తడిసి పేజీలు అతుక్కుపోయాయి. పైగా పెయింట్ వాసనకి పక్కింటివాళ్లు పోలీసులకి చెబుతామంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఇంజన్ పని ఇవాళే ఆపండి. పాత ఇంజన్ దింపేసి ఉంటే గోనెసంచి కప్పి ఒక మూల పెట్టండి. ఎవరడిగినా తూకానికి వేయకండి. మీ కేసంతా దాని బ్లాకు మీద కొట్టిన నంబరు మీదే ఆధారపడి ఉంది.

చట్టం చూసేది సీసీ ఒక్కటే కాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట చెప్పిన వివరాలకీ ఆర్సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. ఆర్సీలో ఇంజన్ నంబరు ఉంటుంది, ఎవరు తయారుచేశారో ఉంటుంది. ట్రయంఫ్ బండిలో మారుతి ఇంజన్ కనిపిస్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ సీసీ దాకా వెళ్లడు, బానెట్ ఎత్తగానే సంగతి తేలిపోతుంది. 2019 జనవరిలో కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఇదే సెక్షన్‌ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఎ సెక్షన్ చేరింది. అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అలాగని ప్రతి రిపేరూ నేరం కాదు. బండి నిర్మాణం మారి, దాని మౌలిక లక్షణం మారితేనే 'మార్పు' అని ఆ సెక్షనే వివరిస్తుంది. తుప్పు గోకడం, సీట్లు కుట్టించడం, వైరింగ్ మార్చడం, బ్రేకులు బాగుచేయడం నిశ్చింతగా చేసుకోండి.

మీ బండి 50 ఏళ్లు దాటింది కాబట్టి ఇంకో విషయం ఉంది, నన్నడిగితే అసలు విషయం అదే. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకి విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్‌లో గానీ బాడీ షెల్‌లో గానీ ఇంజన్‌లో గానీ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే ఆ హోదా. కొత్తగా నమోదుకి 20,000 రూపాయలు, పదేళ్ల చెల్లుబాటు, తర్వాత తిరిగి నమోదుకి 5,000. ఇదివరకే రిజిస్టరైన బండి పాత నంబరే ఉంచుకోవచ్చు. మీ మామయ్యగారి మద్రాసు నంబరు పోదు. కాకపోతే రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడానికి వీల్లేదు. ర్యాలీలకీ ప్రదర్శనలకీ, పెట్రోలు పోయించుకోవడానికీ, మరమ్మతుకీ మాత్రమే రోడ్డెక్కాలి.

మామూలు పద్ధతిలో ఐదేళ్లకోసారి ఆర్సీ పునరుద్ధరించుకుంటానంటే, 2025 ఆగస్టులో పెంచిన రుసుముల ప్రకారం 20 ఏళ్లు దాటిన దిగుమతి కారుకి 80,000 రూపాయలు. స్పిట్‌ఫైర్ ఇంగ్లండు నుంచి వచ్చిన బండి కాబట్టి ఆ లెక్కలోకే వస్తుంది. ఎస్టీమ్ ఇంజన్ పెట్టారంటే వింటేజ్ దారి మూసుకుపోతుంది, ఈ రెండో దారిలోనూ తనిఖీ దగ్గరే ఆగిపోతారు. నా సలహా ఒకటే: అసలు ఇంజన్‌నే బోరు చేయించి నిలబెట్టండి.

సామాన్ల సంగతికి చెన్నైలో ఉండటం మీ అదృష్టం. స్పిట్‌ఫైర్ చాసిస్ ట్రయంఫ్ హెరాల్డ్ నుంచి పుట్టిందే. ఆ హెరాల్డ్‌ని స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో మన మద్రాసులోనే తయారుచేశారు. ముందు సస్పెన్షన్ సామాను చాలావరకు రెండిటికీ ఒకటే. పాత బండ్ల సామాన్లు అమ్మే పుదుపేటలో ఓపికగా తిరగండి, కానీ బిల్లు లేకుండా ఏదీ కొనకండి. దొంగబండి సామాను అని తేలితే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మీరు జవాబు చెప్పుకోవాలి. ఇంగ్లండు నుంచి తెప్పిస్తే కొత్తవే తెప్పించండి. వాడిన విడిభాగాల దిగుమతికి డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం) అనుమతి ఉండాలి, లేకపోతే కస్టమ్స్‌లో ఆగిపోతాయి.

ఇక చాసిస్ నంబరు రేకు. ముక్కు మొత్తం ముందుకి తెరుచుకునే ఆ బానెట్ ఎత్తితే చిన్న రేకు ఒకటి రివెట్లతో బిగించి ఉంటుంది. మార్క్ 3కి దాని మీద నంబరు ఎఫ్‌డీ అక్షరాలతో మొదలవుతుంది. పెయింటర్ దాన్ని ఊడబీకి డబ్బాలో వేస్తాడు, డబ్బా చెత్తలోకి పోతుంది. నా దగ్గరికొచ్చిన ఒకాయన ఇలాగే రేకు పోగొట్టుకుని, కళ్లు చెదిరే రంగు వేసిన బండితో ఏడాదిన్నర ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరిగారు. రంగు ముట్టుకోకముందే ఆ రేకు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీయండి, ఇంజన్ బ్లాకు మీదా అంతే. తేదీ కనిపించేలా ఫోటోలు తీయండి. అక్షరాలు అరిగిపోయాయని మీరే కొత్త రేకు కొట్టించకండి, అది క్రిమినల్ కేసు దాకా పోతుంది.

బండి ఎవరిదన్నది మీరు పైపైన చెప్పి వదిలేశారు గానీ అక్కడే పెద్ద చిక్కుంది. నోటిమాటతో బండి మీది కాదు. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం భార్యాపిల్లలు, తల్లిదండ్రులు లేని మగమనిషి ఆస్తి తోబుట్టువులకి వస్తుంది, మేనల్లుడి వంతు ఆ తర్వాతే. కాబట్టి వారసురాలు మీ అమ్మగారు. ఆవిడకి అక్కచెల్లెళ్లో అన్నదమ్ములో ఉంటే వాళ్లకీ సమాన భాగం. తాసిల్దారు దగ్గర వారసత్వ సర్టిఫికెట్‌కి అర్జీ పెట్టండి. తోబుట్టువులకి ఇవ్వం అంటే సివిల్ కోర్టుకి వెళ్లాలి. మిగతా వారసుల అంగీకార పత్రాలతో ఫారం 31 మీద బండిని అమ్మగారి పేరుకి, ఆ తర్వాత 29, 30 ఫారాల మీద మీ పేరుకి మార్పించుకోండి. యజమాని పోయిన మూడు నెలల్లో చేయాల్సిన పని ఇది. ఆలస్యానికి జరిమానా కట్టాల్సి వస్తుంది, భయపడాల్సిందేమీ లేదు.

తడిసిన ఆర్సీ పుస్తకాన్ని ఎండలో పెట్టి విడదీయబోకండి, ఉన్నది ఉన్నట్టు కవర్లో పెట్టండి. రిజిస్టరు చేసిన ఆఫీసులో బి రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్, అంటే వాళ్ల రికార్డులో మీ బండి వివరాల నకలు, తీయించండి. నకలు ఆర్సీకి ఫారం 26.

రంగు ఆర్సీలో రాసి ఉంటుంది కాబట్టి ఎరుపు కొట్టించే ముందే ఆర్టీఓకి అర్జీ ఇవ్వండి. నా మటుకు నేను మీ మామయ్యగారి తెలుపే ఉంచమంటాను.

కాగితాలు వచ్చేదాకా, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కట్టేదాకా బండిని వీధి చివరి టీకొట్టు దాకా కూడా నడపకండి. ఎవరికైనా తగిలితే పరిహారం మీ జేబులోంచే పోతుంది. కదిలించాల్సి వస్తే లారీ మీద ఎక్కించండి.

పక్కింటివాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. వాళ్ల ఫిర్యాదుకి చట్టంలో బలముంది, అది ప్రజాబాధ (పబ్లిక్ న్యూసెన్స్) కిందికి వస్తుంది. బాడీకి స్ప్రే పని షెడ్డులో మానేసి పెయింట్ బూత్ ఉన్న వర్క్‌షాపుకి పంపండి. గ్రైండరు రాత్రి పది దాటాక వద్దు. పెట్రోలు 30 లీటర్లకి మించి ఇంట్లో పెట్టకండి.

ఈ వారంలో పెన్సిల్ ప్రింట్లు తీసి, అమ్మగారి తోబుట్టువుల పేర్లు, చిరునామాలు రాసి పంపండి. తాసిల్దారుకి ఇవ్వాల్సిన అర్జీ నేనే రాసి పెడతాను.