పాత జనాభా లెక్కల్లో మా తాత పేరు చూడొచ్చా?

1951 జనాభా లెక్కల్లో మీ తాత, ఆయన తోబుట్టువుల పేర్లు ఉంటాయి కదా, ఆర్టీఐ వేస్తే ఇస్తారా అని అడిగారు. ఇవ్వరండి. నేను వేసి చూశాను.

మాది కొల్లాపూర్ వైపు. మా అమ్మమ్మ పుట్టిన ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. తన చిన్నప్పుడు మర్దుంషుమారీ వాళ్లు, అంటే జనాభా లెక్కల వాళ్లొచ్చి అరుగు మీద కూర్చుని ఇంటిల్లిపాది పేర్లు రాసుకుపోయారని చెప్పేది. ఆ కాగితం ఎక్కడో ఉండే ఉంటుందని పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి దరఖాస్తు పంపాను. 1948 జనగణన చట్టం సెక్షన్ 15 ప్రకారం ఎన్యూమరేటర్ (లెక్కలు రాయడానికి వచ్చిన ఉద్యోగి) రాసుకున్న రికార్డు చూసే హక్కు ఎవరికీ లేదని జవాబు వచ్చింది. ఇరవై ఏళ్లు దాటిన సమాచారానికి చాలా మినహాయింపులు వర్తించవని ఆర్టీఐ చట్టం సెక్షన్ 8(3) చెబుతుంది కదా, దాన్ని పట్టుకుని అప్పీలుకు వెళ్లాను. ఈసారి ఇంకా చప్పటి జవాబు: ఆ ఫారాలే లేవు. పట్టికలు తయారయ్యాక ఇంటింటి కాగితాలు దాచే ఆనవాయితీ మన దగ్గర లేదట. తాళం తీయమని ఇన్నాళ్లూ కొట్లాడితే లోపల పెట్టె ఖాళీ.

ఊరి లెక్కలు మాత్రం దొరుకుతాయి. జనగణన శాఖ వెబ్‌సైట్‌లో పాత జిల్లా జనగణన హ్యాండ్‌బుక్కులు ఉచితంగా ఉన్నాయి. మీకు గద్వాల, అలంపూర్ వైపు చుట్టాలుంటే 1951కి రాయచూర్ జిల్లాలో వెతకండి, ఆ తాలూకాలు 1956లో గానీ పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలోకి రాలేదు. నేను అమ్మమ్మ ఊరిని పట్టుకున్నాను. ఒకే ఒక్క వరుస: ఊరి పేరు, ఇళ్లు, మగవాళ్లు, ఆడవాళ్లు. ముంపు తర్వాతి పుస్తకంలో అదే పేరుకు ఎదురుగా జనం లేరని ఉంది. రెవెన్యూ వాళ్లు అలాంటి ఊరిని బేచిరాగ్ అంటారు, దీపం లేనిదని.

పేరే కావాలంటే చాలామంది 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఊరి భూముల రికార్డు తీయమంటారు. తీయండి, మీ తాతకు పట్టా ఉంటే తండ్రి పేరుతో సహా దొరకొచ్చు. కానీ మా అమ్మమ్మ వాళ్లకు కుంట భూమి లేదు. పాలేర్లు, కూలీలు, మన్ను పనికి దేశాలు పట్టుకు తిరిగిన పాలమూరు లేబరు, వీళ్ల పేర్లు పహాణీలో ఎందుకుంటాయి? ఇంట్లో ఆడవాళ్ల పేర్లూ అంతే. సర్కారు వాళ్ల గడపకు వచ్చి పిల్లాపెద్దా అందరి పేర్లూ అడిగి రాసుకున్నది జనాభా లెక్కలప్పుడే. నాకు మంట అక్కడే.

అందుకే మేం నలుగురం కలిసి ఎంపీకి, మంత్రిత్వ శాఖకు ఉత్తరాలు రాస్తున్నాం. జనాభా లెక్కల్లో రాసుకున్న పేర్లను, వివరాలను యాభై ఏళ్లకే జనం చూసేలా తెరవాలని మొదట్లో రాశాం. సంతకాలకు తిరుగుతుంటే మా వాడకట్టులో ఒక పెద్దమ్మ కాగితం వెనక్కి ఇచ్చేసింది. "మా అత్త ఎవరింట్ల ఉన్నదో, ఏం పని చేసిందో ఊరంతా చదువాల్నా బిడ్డా? నేనింకా బతికే ఉన్న గదా" అంది. నాకు నోట మాట రాలేదు. అమెరికాలో 72 ఏళ్లకు తెరుస్తారు, 1950 లెక్కలు 2022 ఏప్రిల్‌లో బయటికొచ్చాయి. బ్రిటన్‌లో నూరేళ్లు, 1921వి 2022 జనవరిలో తెరిచారు. అక్కడ 1911 లెక్కలను సమాచార హక్కు మీద పోరాడి 2009లోనే తెరిపించినా, అంగవైకల్యం రాసిన గడిని మాత్రం 2012 దాకా కప్పి ఉంచారు. ఆ పద్ధతి నాకు నచ్చింది. మన దగ్గర కులం గడి ఉంటుంది కాబట్టి మరీ అవసరం. పెద్దమ్మ మాటతో మేమూ నూరేళ్లకు మార్చుకున్నాం. రెండోసారి వెళ్తే ఆమె సంతకం పెట్టింది.

కాబట్టి 1951 మీద మీ ఓపిక ఖర్చు చేసుకోకండి. 2027 లెక్కలు ఫోన్లలో, కులంతో సహా తీస్తారని ప్రకటించారు. ఇప్పుడు అడగాల్సింది రెండే: ఆ వివరాలు చెరిపేయకుండా భద్రపరచాలి, నూరేళ్ల తర్వాత తెరిచేలా సెక్షన్ 15ను సవరించాలి. మా ఉత్తరం తెలుగులోనే, ఒకటిన్నర పేజీ ఉంది. మీ ఎంపీకి మీరూ రాస్తానంటే పంపిస్తాను, ఊరి పేరు మార్చుకుంటే చాలు.