ఎదురుచూసే పిల్లల కోసం నేను తిరుగుతుంటే మా పాపే నాకు దూరమవుతోంది!

ప్రశ్న: మాకు పన్నెండేళ్ల బాబు. రెండున్నరేళ్ల కిందట వేరే దేశంలోని శిశుగృహం నుంచి ఐదున్నరేళ్ల పాపను దత్తత తీసుకున్నాం. అక్కడ చూసిన మిగతా పిల్లల మొహాలు నన్ను వదల్లేదు. అప్పటినుంచి కుటుంబం కోసం ఎదురుచూస్తున్న పిల్లల గురించి సభల్లో మాట్లాడుతున్నాను, వాళ్ల ఫొటోలు, వివరాలు తెలిసినవాళ్లందరికీ పంపుతున్నాను. బస్టాండులో దొరికిన పాప మా ఇంటికి ఎలా వచ్చిందో చెబితే అందరూ కదిలిపోతారు. మొన్న ఒక సభలో పాపే మైకు తీసుకుని ‘నేను చాలా రోజులు ఎదురుచూశాను, అప్పుడు అమ్మ వచ్చింది’ అంది. ఒకటే చప్పట్లు. కిందికి దిగాక ముందు వరసలో ఉన్న ఒకావిడ ఒళ్లో కూర్చుని ‘నేను మీ ఇంటికి రావచ్చా?’ అని అడిగింది. ముద్దుగా ఉందని అందరూ నవ్వారు. ఇంటికొచ్చాక మాత్రం రాత్రంతా నిద్రపోలేదు, రెండు రోజులు నన్ను దగ్గరికి రానివ్వలేదు. మావారు ‘ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత’ అని దెప్పుతున్నారు. బాబు ఈమధ్య ఎక్కువగా మాట్లాడట్లేదు. పాప ఉన్న చోటే పదకొండేళ్ల అబ్బాయి ఒకడున్నాడు. వయసు దాటిపోతే ఇక వాడికి దత్తత కుదరదట. మనమే తెచ్చుకుందామంటే మావారు ఒప్పుకోవడం లేదు. నేను చేస్తున్నది తప్పా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ పిల్లల తరఫున మాట్లాడటం మానేయమని నేను చెప్పను. వాళ్ల గురించి మాట్లాడేవాళ్లే తక్కువ. కానీ ఆ మాటల్లోంచి మీ పాపను పూర్తిగా బయటికి తీసేయండి. పేరు, ఫొటో, ఎక్కడ దొరికింది, వచ్చిన కొత్తలో ఏం చేసింది, ఏదీ వద్దు. ఇప్పటికే పంపినవాటిలో వెనక్కి తీసుకోగలిగినవి కూడా తీసేయండి.

సభలో మాట్లాడటం, ఎవరి ఒళ్లోనో కూర్చోవడం, రాత్రి నిద్రపోకపోవడం వేటికవి విడి సంగతులన్నట్టు రాశారు. నాకు మాత్రం మూడూ ఒకదాని వెనక ఒకటి వచ్చినట్టే కనిపిస్తున్నాయి. పాప మైకులో అన్న మాట ఇంకోసారి చదవండి. ఎనిమిదేళ్ల పిల్ల తన బతుకు గురించి తనంతట తాను అంత పొందికగా చెప్పదు. మీరు పదిచోట్ల చెబుతుంటే పక్కన కూర్చుని విన్నదే అప్పజెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. వెంటనే వాళ్లలో ఒకరిని చూసుకుని మీ ఇంటికి రావచ్చా అని అడిగింది. పిల్లల ఫొటోలు చూపించి ‘ఎవరైనా తీసుకెళ్తారా’ అని అడిగే చోటది. ఒకప్పుడు తన ఫొటో కూడా అలాగే తిరిగింది. మళ్లీ తనను తెచ్చి అక్కడ నిలబెట్టారేమోనని ఆ చిన్న బుర్రకి తోచి ఉంటే ఆశ్చర్యం ఏముంది? దత్తత వచ్చిన పిల్లల్లో మళ్లీ పంపించేస్తారన్న భయం ఏళ్ల తరబడి ఉండొచ్చు. నోటితో చెప్పరు, నిద్ర పట్టకపోవడంలో బయటపడుతుంది. మిమ్మల్ని దూరం పెట్టడమూ బహుశా అందులోదే. మీరు వదిలేసేలోపు తనే వదిలేసుకుంటే బాధ తక్కువని పిల్లల లెక్క.

కొత్తవాళ్లతో అంత చనువు ముద్దుగానే కనిపిస్తుంది. కానీ ఆయాలు షిఫ్టులవారీగా మారిపోయే చోట పెరిగిన పిల్లలకు, ఎదురొచ్చిన ప్రతి పెద్దమనిషినీ మెప్పించడం అలవాటవుతుంది. 1989లో రొమేనియాలో చౌషెస్కు ప్రభుత్వం కూలిపోయాక అక్కడినుంచి బ్రిటన్‌కు దత్తత వెళ్లిన 165 మంది పిల్లల్ని మైకేల్ రట్టర్ అనే మానసిక వైద్యుడి బృందం పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చింది. ఆరునెలల వయసు లోపు అక్కడి శిశుగృహాల నుంచి బయటపడినవాళ్లు చాలావరకు మిగతా పిల్లల్లాగే ఎదిగారు. అంతకంటే ఎక్కువ కాలం అక్కడున్నవాళ్లలో చాలామందికి ముక్కూ మొహం తెలియనివాళ్లతో ఈ చనువు, దేనిమీదా ధ్యాస నిలవకపోవడం యవ్వనం దాకా వెంటాడాయి. అంతకాలం ఉండి కూడా ఏ ఇబ్బందీ లేకుండా ఎదిగినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. పైగా ఆ రోజుల్లో అక్కడి పరిస్థితి మరీ ఘోరం. కాబట్టి ఒక్క సభను పట్టుకుని మీ పాపకు ఏదో ఉందని నేను తేల్చను. స్కూల్లో, పార్కులో, చుట్టాలింట్లో కూడా ఇలాగే చేస్తుంటే మాత్రం దత్తత పిల్లలతో పనిచేసిన చైల్డ్ సైకాలజిస్టుకు చూపించండి. ఈలోగా ఒళ్లో కూర్చోబెట్టుకోవడాలు, ఎత్తుకోవడాలు, ముద్దులు మీ ఇంట్లోవాళ్లకే పరిమితమని చుట్టపక్కాలందరికీ చెప్పేయండి. ‘ఎంత కలుపుగోలు పిల్లో’ అని మురిసిపోయేవాళ్లు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి.

ఇక బస్టాండు కథ. అది మీకు ఎక్కడ తెలిసింది? ఫైల్లో. ఫైల్లో ఉన్నదంతా నిజమేనని ఎవరు పూచీ? దశాబ్దాలపాటు విదేశాలకు దత్తత పంపిన పిల్లల రికార్డులను తిరగేసిన దక్షిణ కొరియా ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ (గతంలో జరిగిన అన్యాయాలను విచారించే సంఘం) 2025 మార్చిలో ఏం తేల్చిందో చూడండి. కన్నవాళ్లు ఎవరో తెలిసిన పిల్లల్ని కూడా దిక్కులేనివాళ్లుగా రాసేశారు, కొందరి వివరాలు మార్చేశారు. ఆ పిల్లలు ఇప్పుడు నడివయసువాళ్లై తమ అసలు తల్లుల కోసం వెతుక్కుంటున్నారు. మీ పాప ఫైలు అలాంటిదని నేననడం లేదు. రేపు పెద్దయ్యాక వెతుక్కుంటూ వెళ్తే ఇంకేదో బయటపడొచ్చు, పడకపోవచ్చు. అప్పటికే ఆ బస్టాండు ఊరందరి నోళ్లలో నానిపోయి ఉంటే, తన సంగతి తనకంటే ముందు అందరికీ తెలిసిందన్న మంట మాత్రం ఖాయం. అంతదాకా కూడా అక్కర్లేదు. స్కూల్లో ఎవరో పిల్లవాడు, వాళ్లమ్మ ఫోన్లో చూసి, ‘నువ్వు బస్టాండులో దొరికావట కదా’ అని అడిగితే చాలు.

విదేశీ దత్తతల మీద 1993లో చేసుకున్న హేగ్ ఒప్పందంలో 30వ అధికరణం పిల్లల పుట్టుపూర్వోత్తరాల సమాచారాన్ని భద్రపరచాలంటుంది. పిల్లలకు తగిన సలహా ఇస్తూ ఆ సమాచారం వాళ్లకు అందేలా చూడాలనీ అంటుంది, ఆ దేశ చట్టం ఒప్పుకున్నంత మేరకు. ఇంట్లో మీరు చేయాల్సిందీ అదే. ఫైలు కాపీలు, ప్రయాణంలో తీసిన ఫొటోలు, వచ్చిన రోజు వేసుకున్న గౌను, మీకు తెలిసిన ఆయాల పేర్లు అన్నీ ఒక పెట్టెలో పెట్టి, అది తనదని పాపకు చూపించండి. అడిగినప్పుడల్లా తీసి, వయసుకు తగ్గట్టు చెప్పండి. ‘కాగితంలో ఇలా ఉంది, ఇంతకుమించి మాకూ తెలియదు’ అనడానికి మొహమాటపడొద్దు.

ముందు ఇంకో మాట పాపతో చెప్పాలి. ఎదురుగా కూర్చోబెట్టి కాదు, జడ వేస్తూనో, బట్టలు మడతపెడుతూనో. ‘ఆ రోజు నిన్ను అంతమంది ముందుకు తీసుకెళ్లకుండా ఉండాల్సింది. నీ సంగతులు ఇక నేను ఎవరికీ చెప్పను. చెప్పాలనిపిస్తే పెద్దయ్యాక నువ్వే చెప్పుకో. నువ్వు ఎక్కడికీ వెళ్లవు, ఇది నీ ఇల్లు’ అనండి. జవాబు కోసం చూడొద్దు. వినిపించుకోనట్టు ఉన్నా విన్నట్టే. ఇదే మాట కొన్నాళ్లపాటు మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తుంది.

మరి సభల్లో ఏం చెప్పాలంటారా? చెప్పాల్సింది బోలెడుంది, మీరు చెబుతున్నదానికంటే గట్టిది. విదేశాల నుంచి అమెరికాకు దత్తత వెళ్లిన పిల్లలు 2004లో దాదాపు 23 వేలమంది, 2023 నాటికి 1,300 కంటే తక్కువ. ఇథియోపియా 2018లో విదేశీ దత్తతలకు తలుపులు మూసేసింది. చైనా కూడా 2024లో మూసేసింది, దగ్గరి బంధువుల పిల్లల్లాంటి కొద్ది సందర్భాలు తప్ప. హేగ్ ఒప్పందం ప్రకారం పిల్లలకు ముందు సొంత దేశంలోనే కుటుంబాన్ని వెతకాలి, దొరకనప్పుడే బయటికి. అందుకే ఇప్పుడు ఎదురుచూసేవాళ్లలో ఎక్కువమంది పెద్ద పిల్లలు, విడదీయకూడని తోబుట్టువులు, వైద్యం అవసరమైనవాళ్లు. వాళ్లను తెచ్చుకునేవాళ్లకు కన్నీళ్ల కథ ఎందుకూ పనికిరాదు. దిండు గలీబులో బిస్కెట్లు దాచుకునే పిల్లతో ఏమనాలి, తెచ్చిన కొద్ది నెలలకే వచ్చిన భాష మర్చిపోయి కొత్త భాష ఇంకా రాక నడుమ చిక్కుకున్నప్పుడు ఏం చేయాలి, ఇన్నాళ్లు కోరుకున్న బిడ్డ ఇంటికొచ్చాక తల్లికే దిగులు పట్టుకుంటే ఎవరికి చెప్పుకోవాలి, ఇవీ కావలసింది. ఏ పిల్లదో, ఎవరింటిదో చెప్పకుండానే ఇవన్నీ చెప్పొచ్చు. ఇవి తెలియకుండా దిగిన కుటుంబాలు ఏం చేశాయో 2013లో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. అమెరికాలో కొందరు దత్తత తల్లిదండ్రులు, వేగలేక, విదేశాల నుంచి తెచ్చుకున్న పిల్లల్ని ఆన్‌లైన్ గ్రూపుల్లో పరిచయమైన అపరిచితులకు అప్పగించేశారు. సభలో ఇది కూడా చెప్పండి. చప్పట్లు తగ్గుతాయి, తగ్గాలి కూడా.

మైకు ఇవ్వాలంటే పెద్దవాళ్లైన దత్తత బిడ్డలకు ఇవ్వండి. ఏం చెప్పాలో, ఏం దాచుకోవాలో వాళ్లకు తెలుసు. అమెరికాలో 2000 నాటి చట్టం దత్తత పిల్లలకు పౌరసత్వం దానంతట అదే వచ్చేలా చేసింది కానీ, 2001 ఫిబ్రవరి 27 నాటికే 18 నిండినవాళ్లను వదిలేసింది. పసితనంలోనే వచ్చి, ఇప్పటికీ పౌరసత్వం లేనివాళ్లు ఉన్నారు. ఇలాంటివి వాళ్ల నోట వింటేనే జనానికి ఎక్కుతుంది. అన్నట్టు, మీరెక్కడ ఉన్నా మీ పాప పౌరసత్వ కాగితాలు చేతికొచ్చాయో లేదో ఒకసారి చూసుకోండి.

మిగతా పిల్లల ఫొటోలు, జబ్బుల వివరాలు తెలిసినవాళ్లందరికీ పంపడం కూడా ఆపండి. ఆసక్తి ఉన్నవాళ్లను లైసెన్సు ఉన్న దత్తత ఏజెన్సీకి పంపితే చాలు, ఫైలు వాళ్లే చూపిస్తారు.

మీవారి సామెత కటువుగానే ఉంది. కానీ మీ ఉత్తరంలో ఆయన ఎందుకు వద్దంటున్నారో లేదు, వద్దంటున్నారనే ఉంది. అడిగారా? అలసిపోయారా, డబ్బుకు భయపడుతున్నారా, పాప ఇంకా కుదురుకోలేదని అనుకుంటున్నారా? ఒక్కోదానికి ఒక్కో జవాబు ఉంటుంది. ఇక బాబుకు మీ ఉత్తరం మొత్తంలో దక్కింది ఒకే ఒక్క వాక్యం. తొమ్మిదేళ్లు ఒక్కడే పెరిగినవాడు. చెల్లి వచ్చింది, అమ్మ సమయం చెల్లికి, సభలకు పోయింది. ఇప్పుడు తన ఈడువాడు ఇంకొకడు రాబోతున్నాడని గోడల చాటునుంచి వింటూనే ఉంటాడు. వాడితో వారానికి ఒక పూటైనా మీరొక్కరే గడపండి. దత్తత ఊసు మీరెత్తొద్దు. వాడే ఎత్తితే, సర్దిచెప్పకుండా వినండి. ‘నాకు ఇష్టం లేదు’ అంటే వాడు చెడ్డవాడైపోడు.

ఆ పదకొండేళ్ల అబ్బాయి సంగతి. వాడిని అక్కడ వదిలేసి వచ్చామన్న బాధ మీది, అది నిజమైనది. అయితే ఆ బాధ తీర్చుకోవడానికి వాడిని తెచ్చుకుంటే, వాడు రోజూ దానికి బదులు చెల్లించాల్సి వస్తుంది. ఇంట్లో ఉన్న చిన్నవాళ్లకంటే చిన్న బిడ్డనే తెచ్చుకోమని ఈ రంగంలో పనిచేసేవాళ్లు చాలామంది అంటారు. మీ ఇంట్లో వాడు పాపకు పెద్దవాడు, బాబుకు సమవయస్కుడు. దీనర్థం అసలు కుదరదని కాదు, మీ ఇద్దరికీ మామూలుకంటే ఎక్కువ బలం కావాలని. పైగా పాపకు, వాడికి అక్కడ ఎలా ఉండేదో మీకు తెలియదు. పెద్దపిల్లలు చిన్నవాళ్లను కాపాడినవాళ్లు కావచ్చు, కొట్టినవాళ్లూ కావచ్చు. వాడి పేరు వచ్చినప్పుడు పాప మొహం ఎలా మారుతుందో చూడండి. ‘తెద్దామా?’ అని మాత్రం అడగొద్దు. వాడు రాకపోయినా, వచ్చి ఇల్లు కష్టపడినా అది తన వల్లేనని జీవితాంతం మోస్తుంది.

వయసు దాటిపోతుందన్న గడువును కూడా గాలిమాటగా వదిలేయకండి. పిల్లవాడి దేశానికి ఒక వయసు, మీరున్న దేశపు వీసాకు ఒక వయసు ఉండొచ్చు. ఏ కాగితం ఏ తేదీలోగా పడాలో ఏజెన్సీని రాతపూర్వకంగా అడగండి. గడువు ఎప్పుడో తెలిస్తే, నిర్ణయానికి నిజంగా ఎంత సమయం ఉందో తెలుస్తుంది. హోమ్ స్టడీకి, అంటే దత్తతకు ముందు కుటుంబాన్ని పరిశీలించడానికి, వచ్చే సోషల్ వర్కర్ మీవారిని విడిగా అడుగుతారు. అప్పుడు ఆయన నోట ‘సరే’ అన్న మాట మీ బలవంతం మీద వచ్చిందైతే అది దాగదు.

ఒప్పుకోకపోతే, వాడి కోసం ఇంకో కుటుంబాన్ని వెతికించే పని చేయండి. ఆ పని మీకు వచ్చు. ఉత్తరాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు పంపొచ్చా అని ఏజెన్సీని అడగండి, వాళ్లు సరేనంటేనే పంపండి. మేము వస్తామని వాడి చెవిన మాత్రం వేయనివ్వకండి, నిర్ణయం అయ్యేదాకా. ఏజెన్సీకి ఫోన్ చేసేటప్పుడు స్పీకర్‌లో పెట్టి మీవారిని పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్లు చెప్పేది ఆయన మీ నోటి నుంచి కాకుండా నేరుగా వినాలి.