డ్యాష్‌బోర్డ్ పచ్చగానే ఉంది, డబ్బే చాలడం లేదు

ప్రశ్న: బిల్డింగ్ పనుల ఖర్చంతా యాప్‌లోనే రాస్తున్నాం. నెలంతా 'బడ్జెట్ లోపే' అని పచ్చరంగు చూపిస్తుంది. నెలాఖరున బిల్లులు ఎక్కించగానే ఎర్రబడుతుంది. రియల్ టైమ్ అని చెప్పి అమ్మారు. యాప్ మార్చేయమంటారా? స్క్రీన్‌షాట్ పంపుతున్నాను.

జవాబు: మార్చకండి, కొత్తదాంట్లోనూ ఇదే జరుగుతుంది. ఈ ఫిర్యాదు నాకు పదేపదే వస్తోంది. కారణం దాదాపు ప్రతిసారీ ఒక్కటే, బిల్లు వచ్చిన ఖర్చు మాత్రమే యాప్‌లోకి ఎక్కుతోంది. స్టీల్‌కు ఆర్డర్ ఇచ్చిన రోజే ఆ డబ్బు ఖర్చయినట్టు లెక్క. కానీ లోడు దిగి, సగం వాడేశాక కూడా బిల్లు రాలేదు కాబట్టి యాప్‌కు అది సున్నాయే. పర్చేజ్ ఆర్డరైనా, లేబర్ కాంట్రాక్టయినా ఓకే చేసిన రోజే 'కమిటెడ్ కాస్ట్' (బిల్లు రాకపోయినా ఇస్తామని ఒప్పుకున్న ఖర్చు) కింద ఎక్కించండి. ఓనరు నోటిమాటగా చెప్పిన అదనపు పనులూ అంతే. సబ్‌కాంట్రాక్టర్ల బిల్లుల్లో హామీగా పట్టి ఉంచిన రిటెన్షన్ డబ్బును మిగులు అనుకోవద్దు, తర్వాత ఇవ్వాల్సిందే.

ఇక ఫోర్‌కాస్ట్, అంటే పని పూర్తయ్యేసరికి మొత్తం ఎంతవుతుందన్న అంచనా. మీ స్క్రీన్ మీద ఆ పేరుతో కనిపిస్తున్నది బడ్జెట్‌లోంచి ఖర్చు తీసేయగా మిగిలిన అంకె. ఉత్త తీసివేతకు ఆ పేరు పెట్టడం చూస్తే ఒళ్లు మండుతుంది. బడ్జెట్ 100, పూర్తయిన పని 40 శాతం, ఖర్చు 50 అనుకోండి. ఇంకా 50 ఉందంటుంది యాప్. నిజానికి 50 పెట్టి 40 విలువ చేసే పనే చేశారు. ఇదే తీరున సాగితే మొత్తం 125 అవుతుంది. పోసిన కాంక్రీటు ఎన్ని క్యూబిక్ మీటర్లో, కట్టిన గోడ ఎన్ని చదరపు మీటర్లో కొలిచి ఎక్కిస్తేనే ఈ లెక్క నిలుస్తుంది. కంటితో చూసి, దాదాపు అయిపోయిందని 90 శాతం అని ఎక్కిస్తే ఏ ఏఐ కూడా సరిచేయలేదు.

నాకు అసలు టెన్షన్ పెట్టింది స్క్రీన్‌షాట్ పైమూలన ఉన్న యూజర్ పేరు, 'సైట్ ఆఫీస్'. అంటే ఒకే లాగిన్, అందరి చేతుల్లో. సప్లయర్ బ్యాంకు అకౌంట్ నంబరు మార్చేదీ, పేమెంట్ ఓకే చేసేదీ ఆ లాగినే అయితే చాలా ప్రమాదం. మోసగాళ్లు సప్లయర్ మెయిల్‌లోకి చొరబడో, ఒక్క అక్షరం తేడాతో అలాంటి అడ్రసే పెట్టుకునో 'మా అకౌంట్ మారింది, ఇకపై దీనికి పంపండి' అని రాస్తారు. బిల్లు అసలుదే, మొత్తమూ సరైనదే, అకౌంట్ నంబరు ఒక్కటే వేరు. డ్యాష్‌బోర్డ్ మాత్రం 'చెల్లించారు' అని చూపిస్తుంది. డబ్బు రాలేదేమని సప్లయర్ ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియదు, అప్పటికి ఆ డబ్బు ఎన్ని అకౌంట్లు దాటిపోతుందో!

ఎవరి లాగిన్ వాళ్లకు ఇవ్వండి, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటిది కూడా) పెట్టండి. పని మానేసినవాళ్ల లాగిన్ అదే రోజు తీసేయండి. అకౌంట్ మార్చేవాళ్లూ, పేమెంట్ ఓకే చేసేవాళ్లూ వేర్వేరుగా ఉండాలి. మార్పు అడిగితే, ముందునుంచీ మీ దగ్గరున్న నంబరుకే ఫోన్ చేసి కనుక్కోండి. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు చేస్తే మోసగాడే ఎత్తుతాడు.

ఇలాంటి యాప్‌లలో కొన్నిటిలో నోటిఫికేషన్ మీద ఒక్క నొక్కుతో పేమెంట్ ఓకే చేసే సౌకర్యం ఉండొచ్చు. అందులో అకౌంట్ నంబరు కనిపించకపోవచ్చు, అది నిన్నే మారిందన్న హెచ్చరికా ఉండకపోవచ్చు. డబ్బు కదిలే చోట ఇంత తొందర ఎవరడిగారు? మీ యాప్‌లో ఆ సెట్టింగ్ ఉంటే ఇవాళే ఆపేయండి.