స్టాట్ మెక్‌లో మార్కులు పోతే ఫిజిక్స్ మానేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ ఫైనలియర్. స్టాటిస్టికల్ మెకానిక్స్ ఇంటర్నల్స్‌లో మార్కులు బాగా తగ్గాయి, ఒకటే ఏడుపు. ఎమ్మెస్సీ ఆలోచన మాన్పించి డేటా సైన్స్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాను. రెండింటిలో ఏది మంచిదో చెప్పండి.
– ఒక తండ్రి, కర్నూలు

జవాబు: అమ్మాయికి ఏది ఇష్టమో మీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదండీ. బహుశా అడిగి ఉండరు. ఒక్క పరీక్ష చూసి దారి మార్చేస్తే, తన వల్ల కాదని మీరే తేల్చేసినట్టు తనకు అర్థమవుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

కోట్ల కణాల ప్రవర్తనను ప్రాబబిలిటీతో లెక్కకట్టే ఈ పేపర్ దగ్గర తడబడే పిల్లలు ప్రతి ఏడాదీ నా దగ్గరికి వస్తారు. చాలామందికి ఫిజిక్స్ బాగానే వచ్చు. ఇంటర్ 2ఏలో ఫార్ములాలు బట్టీపట్టి దాటేసిన పర్ముటేషన్స్, ప్రాబబిలిటీ ఇప్పుడు అడ్డం తగులుతాయి, అంతే. పది నాణేలు ఎగరేస్తే మొత్తం 1024 విధాలు. పదీ బొమ్మ పడేది ఒక్క విధంగానే, సగం బొమ్మ సగం బొరుసు పడేది 252 విధాలుగా. వంద నాణేలైతే 96 శాతం సార్లు బొమ్మల సంఖ్య 40 నుంచి 60 వరకే (ఆ రెండూ కలిపి) ఉంటుంది. ఏ నాణెం ఏది పడిందో చెప్పే ఒక్కో విధం మైక్రోస్టేట్, మొత్తం బొమ్మలెన్నో చెప్పేది మ్యాక్రోస్టేట్. వేడి టీ దానంతటదే చల్లారుతుంది గానీ మళ్లీ వేడెక్కదు ఎందుకో కూడా ఈ లెక్కే చెబుతుంది: వేడి చుట్టూ పరుచుకునే విధాలే చాలా ఎక్కువ. ఇది చేత్తో వేశాక, రెండే ఎనర్జీ లెవెల్స్ ఉన్న సిస్టమ్‌కు పార్టిషన్ ఫంక్షన్ (ఒక్కో లెవెల్‌కు ఎంత అవకాశమో తేల్చడానికి వాడే మొత్తం) రాయమనండి. బోస్, ఫెర్మీ స్టాటిస్టిక్స్ లాంటి పై పాఠాలు ఆ తర్వాత. తను చాలావరకు తేరుకుంటుంది.

ఇక డేటా సైన్స్. మంచి రంగమే, నా అనుమానమంతా ఆరు నెలల కోర్సుల మీద. ప్రాబబిలిటీకి భయపడుతున్న పిల్లను ప్రాబబిలిటీయే పునాదిగా ఉన్న చోటికి పంపిస్తున్నారు! ఏఐలోని న్యూరల్ నెట్‌వర్క్‌లలో అంకెలను ప్రాబబిలిటీలుగా మార్చే సాఫ్ట్‌మ్యాక్స్ సూత్రం, రూపంలో బోల్ట్‌జ్‌మన్ డిస్ట్రిబ్యూషనే; ఏ ఎనర్జీ లెవెల్‌కు ఎంత అవకాశమో చెప్పే స్టాట్ మెక్ సూత్రమే అది. 2024లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న ఏఐ శాస్త్రవేత్త హింటన్ సహచరులతో కలిసి రూపొందించిన ఒక మోడల్ పేరే బోల్ట్‌జ్‌మన్ మెషీన్. తను ఏడుస్తూ చదువుతున్న పాఠం అక్కడా ఎదురవుతుంది. చిన్న కోర్సుల్లో చాలావరకు రెడీమేడ్ కోడ్ రన్ చేయడం నేర్పుతారు, లోపల ఏం జరుగుతోందో చెప్పే తీరిక ఉండదు. అలాంటి సర్టిఫికెట్లు పట్టుకుని ఇంటర్వ్యూలో నోరు పెగలని పిల్లల్ని చూశాను.

పోలిక అడిగారు కదా. ఎమ్మెస్సీ దారిలో సంపాదన ఆలస్యం, అది నిజం. కానీ ఎమ్మెస్సీ చేశాక డేటా వైపు వెళ్లొచ్చు, ఆ తలుపు మూసుకుపోదు. అందుకే ఇప్పుడే టెన్షన్ పడి ఫీజు కట్టేయకండి. సెమిస్టర్ అయ్యేదాకా ఆగండి. ఈలోగా ఆ నాణేల లెక్కనే పైథాన్‌లో పదివేల సార్లు ఎగరేయించి చూడమనండి. కాగితం మీద లెక్క నచ్చిందా, కోడ్ నచ్చిందా అని అప్పుడు తననే అడగండి.