సాగర్‌కు ముప్పై గేట్లు ఎక్కడివమ్మా?

ప్రశ్న: మాది దామరచర్ల మండలంలో కృష్ణ ఒడ్డున ఊరు. మొన్న వానల్లో రాత్రి పదకొండింటికి మా మేనమామ ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. ‘సాగర్ డ్యామ్ పగిలింది, 30 గేట్లు ఎత్తేశారు, తెల్లారేసరికి వాడపల్లి ఉండదు, అందరికీ పంపండి’ అని కింద రాసి ఉంది. టెన్షన్‌తో నేనూ ఇరవై మందికి పంపాను. బర్రెలను విప్పేసి, అత్తమ్మను పట్టుకుని మిట్ట మీది బడికి పోయాం. తెల్లారితే ఏమీ లేదు. ఊళ్లో అందరూ నవ్వుతున్నారు. ఏది నిజమో మాలాంటివాళ్లం ఎట్లా తెలుసుకోవాలి? మామకు ఎట్లా చెప్పాలి?

జవాబు: మిట్ట మీదికి పోవడం తప్పు కాదమ్మా. ఏటి ఒడ్డున ఉన్నవాళ్లు అనుమానం వస్తే ముందు ఎక్కిపోవాలి, విచారణ తర్వాత. నవ్వేవాళ్లను నవ్వనీయండి. తప్పల్లా ఇరవై మందికి పంపడంలోనే ఉంది.

మీరు పంపిన వీడియో చూశాను. అది సాగర్ కాదు, మన దేశమే కాదు. 2019 జనవరి 25న బ్రెజిల్‌లోని బ్రుమాడిన్యోలో ఇనుప గని బురదను నిలిపిన కట్ట తెగినప్పటిది. పాపం, అక్కడ 270 మంది దాకా పోయారు. వీడియోలో ఒక్క గేటైనా కనిపించిందా? మన సాగర్ ఏటికి అడ్డంగా రాతితో కట్టింది. దానికి క్రస్ట్ గేట్లు 26. ముప్పై ఎక్కడి నుంచి ఎత్తుతారు? శ్రీశైలం నుంచి వరద దిగుతుంటే, మట్టం 590 అడుగులు దాటకుండా గేట్లు ఎత్తుతారు. అది డ్యామ్‌ను కాపాడుకునే పని. అప్పుడు దిగువన నీళ్లు పెరుగుతాయి కాబట్టి ఒడ్డుకు పోకూడదు, అది వేరే సంగతి.

నేనూ ఒకసారి ఇట్లాగే పడ్డాను. నల్లగొండలో విలేకరిగా ఉన్న కొత్తలో ఒకాయన ఫోన్ చేసి ‘ఫలానా చెరువు కట్ట తెగింది’ అన్నాడు. డెస్క్‌కు చెప్పేశాను, వార్త అచ్చయింది. మర్నాడు పోయి చూస్తే చెరువు నిండి, ఎక్కువైన నీళ్లు మత్తడి మీదుగా దుంకుతున్నాయి, కట్ట గట్టిగానే ఉంది. ఫోన్ చేసినాయన బస్టాండులో విన్నాడట. బస్టాండులో చెప్పినాయనకు బస్సులో ఎవరో చెప్పారట. చూసినవాడు ఒక్కడూ లేడు. అప్పటి నుంచి ఎవరేం చెప్పినా ‘నువ్వు చూశావా?’ అనే మొదట అడుగుతాను. చాలామందికి కోపం వచ్చింది.

ఇంకో గుర్తు చెబుతాను. మెసేజ్ పైన రెండు బాణాలు ఉంటే అది ఇప్పటికే చాలా చేతులు మారిందని అర్థం. అట్లాంటిదాన్ని వాట్సాప్ ఒకసారికి ఒక్క చాట్‌కే పోనిస్తుంది. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఆ బాణాలు ఉన్నాయి. అంటే మీరు ఇరవై సార్లు వేలు నొక్కారన్నమాట! అంత ఓపికలో ఒక్క ఫోన్ చేసి ఉండొచ్చు. తహసీల్దార్ ఆఫీసుకో, పంచాయతీ కార్యదర్శికో, ఎవరూ ఎత్తకపోతే 100కో.

ఇది నవ్వులాట కాదనడానికి దూరం పోనక్కర్లేదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న ఫార్వర్డులు దేశంలో చాలాచోట్ల అమాయకుల ప్రాణాలు తీశాయి. గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపి, డప్పులతో, జానపద పాటలతో జనానికి చెప్పించారు.

ఇక మామ సంగతి. గ్రూపులో నిలదీయకండి, పెద్దాయన చిన్నబుచ్చుకుంటాడు. ఫోన్ చేసి ‘మామా, అది నీకెవరు పంపారు?’ అని అడగండి. ఆయన ఇంకొకరి పేరు చెబుతాడు. ‘వాళ్లు చూశారటనా?’ అనండి. బ్రెజిల్ సంగతి చెప్పి, అది అబద్ధమని గ్రూపులో ఆయన చేతే పెట్టించండి. మీరు పంపిన ఇరవై మందికి మాత్రం మీరే చెప్పాలి, ఒక్కొక్కరికీ.